రెడ్డెమ్మ చీరల బొంత

పరుపులు కుట్టే చేతులివి.
బిడ్డను పెంచుతామని ఎవురికీ మాటియ్యలేదు.
"రెండేండ్లే దస్తగిరమ్మా" అనింది రెడ్డెమ్మ
కువైట్ పోయేనాడు, తెల్లారుజామున,
ఏడురోడ్ల కాడ టీ కొట్టు ఇంకా తెరవకముందే.
ఈశ్వరి నా భుజమ్మీద నిద్రపోతాండె.
దాని జొల్లు నా రవిక మీద ఆరకముందే
బస్సు మలుపు తిరిగిపాయె.

వాళ్ళ నాయన సంగతి అడగొద్దు.
బళ్ళారికని లారీ ఎక్కిన మనిషి
ఇంతవరకూ యాడా దిగలేదు.

మావోళ్ళన్నారు:
మనది దూదేకులోళ్ళ ఇల్లు, ఆ పాపది ఇంకో ఇల్లు,
రేప్పొద్దున ఏమన్నా అయితే జవాబెవురు చెప్పేది?
రేప్పొద్దున ఏమైతాదో నాకు తెలుసు.
పాపకు ఆకలైతాది.

నిజం చెప్పాల్నంటే, ప్రేమ వెంటనే రాలేదు.
గుడ్డు ఉడకబెట్టిన నాడు
పెద్ద సగం మస్తానుగాని తట్టలోకే పొయ్యేది,
నా చెయ్యే, నాకు తెలీకుండా.
ఆ పిల్ల చూసేది. అడిగేది కాదు.
అడిగింటే ఒక దెబ్బేసి, ఎనక నేనే ఏడ్చిందును.
అడక్కపోవడమే
రాత్రంతా పరుపు సూదిమాదిరి గుచ్చేది.
ఒకనాడు గుడ్డును దారంతో కోసినా,
సరిగ్గా నడిమికి.
ఆ పొద్దుటినుంచి గుడ్డుకు కత్తి ముట్టలేదు.

నిద్దర్లో అమ్మా అని లేస్తాంటే
రెడ్డెమ్మ విడిచిపోయిన ట్రంకు తెరిచి
నాలుగు చీరలు తీసినా.
ఒకటి పసుప్పచ్చది, ఆకుపచ్చంచుది.
ఒకటి గోరింటాకు రంగుది.
తక్కిన రెండూ చెప్పుకునేంతవి కావు.
మిషను మీద కాదు, చేత్తోనే కుట్టినా
లోపల కొత్త దూది పెట్టి.
ఉతకలేదు, వాసన ఉండాలని.
పాప దాంట్లో మూతి దాచుకోని పండుకునేది.

ఎప్పుడు పోయిందో వాసన,
ఇద్దరికీ తెలీలేదు.
చెనిక్కాయల ఊరిబిండి, శుక్రవారం సాంబ్రాణి,
ఒకనాడు మస్తానుగాని ఉచ్చ,
మా ఇల్లంతా దాంట్లోకెక్కింది.

వీడియో ఫోన్లో "పల్లు చూపీ" అంటాది రెడ్డెమ్మ.
ఊడిందొకటి, వచ్చిందొకటి చూపిస్తాది ఇది.
నేను తలుపెనక నిలబడతా, కనపడకుండా.
"అత్త యాడ?"
"ఈన్నే" అంటాది పాప,
నా కొంగు విడవకుండా.

రెండేండ్లు ఆరేండ్లాయె.
పాస్‌పోర్టు ఆడ మేడమ్ బీరువాలో ఉండాదంట.
పోయిన ఎండాకాలం వచ్చింది, నెల సెలవు.
ఈశ్వరికి గౌను తెచ్చింది,
ఫోన్లో చూసిన కొలతకు.
చేతులు దూరలేదు.
దూరినట్లే నిలబడింది పిల్ల
ఊపిరి బిగబట్టుకోని.

ఆ రాత్రి వాళ్ళమ్మ పక్కలో పండుకునింది.
మధ్యరాత్రి బొంత ఈడ్చుకుంటా
నా గడప కాడికొచ్చె.
ఎత్తుకోలేను ఇప్పుడు, నా భుజం దాకా పెరిగింది.
చెయ్యి పట్టుకోని తోడుకోనిపోయినా.
రెడ్డెమ్మ మేలుకోనే ఉండె.
ఏమనలేదు.
జరిగి చోటిచ్చింది, ఇద్దరికీ.

తెల్లారి బొంత మడతేస్తా
పసుప్పచ్చ గుడ్డను వేలితో రుద్ది చూసి
"ఈ చీర బాగుండాదే, ఎవురిదిమ్మే?" అనింది.
యాడిదో పాత గుడ్డలే, అన్నా.
ఈశ్వరి నా మొగం చూసింది,
గుడ్డు రోజుల్లో చూసినట్లే.
అడగలేదు.

వాళ్ళమ్మను బస్సెక్కించొచ్చిన సాయంత్రం
తానే ట్రంకు తెరిచింది.
లోపల ఒక నైటీ, అత్తరు వాసనది.
ముక్కుకు పెట్టుకుని, తీసి,
మళ్ళా పెట్టుకుని
"ఉతకొద్దత్తా" అనింది.
సూదిలో దారం ఎక్కించి
నా చేతికిచ్చింది.
ఈ మధ్య నాకు
బెజ్జం కనపడదు.